మిరుగం నుంచి మంచు దాకా: మన ఎదురుచూపుల చరిత్ర

మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి సీజన్ కోసం ఎదురుచూడటం ఎవరూ నేర్పనక్కర్లేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె పోయి, జూన్ మొదటి వారం దాటగానే మిరుగం వస్తుంది. మిరుగం నాటికి దుక్కి సిద్ధంగా ఉండాలి, విత్తనం ఇంట్లో ఉండాలి, అప్పు ఎక్కడ పుడుతుందో తెలిసి ఉండాలి. మొగులు పట్టాక వెతుక్కుందాం అనుకున్నవాడి పొలం బీడుగా మిగిలేది. కార్తెల లెక్క అంటే మన పెద్దలు రాసుకున్న ప్రణాళికే.

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు మన ఊళ్ల చరిత్రే రాయాలి కదా, మంచు మీద జారే స్కీయింగ్ గురించి ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. మన ప్రాంతపు పిల్లలు మంచును సినిమాల్లోనే చూస్తారన్న మాట ఇప్పుడు నిజం కాదు. ఆ మార్పు ఎట్లా వచ్చిందో చూస్తే, అందులో బడుల పాత్ర మనం అనుకున్నదానికన్నా పెద్దది. ఆ సంగతి పూర్వ విద్యార్థులకు, గురువులకు చెప్పదగినది.

ఒకే ఏడాది రెండు మొదలు

1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచింది. అటువంటిది మళ్లీ జరగకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. అప్పటినుంచి మన ఎదురుచూపు పొలం వరకే ఆగలేదు. గండిపేట 1,790 అడుగులకు చేరిందా, హిమాయత్‌సాగర్ 1,763.5 అడుగులకు వచ్చిందా అని ప్రతి వానాకాలం వాకబు చేయడం ఇక్కడివారికి అలవాటైంది.

హిమాయత్‌సాగర్ పూర్తయిన ఆ 1927లోనే కశ్మీరులోని గుల్మార్గ్‌లో ఇద్దరు బ్రిటిష్ సైనికాధికారులు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను ప్రారంభించారు. అంతకు మూడేళ్ల ముందే, 1924లో, ఫ్రాన్సులోని షామొనీలో మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. యూరప్‌లో పాకుతున్న ఆ ఆటను దొరలు సెలవుల్లో ఆడుకోవడానికి ఇక్కడికి తెచ్చుకున్నారు. కొండ మనది, మంచు మనది, సామాను మోసే భుజాలు మనవి. సీజన్ మాత్రం వారిది. డిసెంబరు వస్తోందంటే సంబరపడే హక్కు ఆ రోజుల్లో ఆ కొద్దిమందికే ఉండేది.

కశ్మీరు కార్తెలు

మనకు కార్తెలున్నట్లే కశ్మీరీలకూ చలికాలపు లెక్క ఒకటుంది. డిసెంబరు 21తో మొదలయ్యే నలభై రోజులు 'చిల్లై కలాన్', అంటే పెద్ద చలి. దాని తర్వాత ఇరవై రోజులు 'చిల్లై ఖుర్ద్', చిన్న చలి. చివరి పది రోజులు 'చిల్లై బచ్చా', పిల్ల చలి. చిల్లై కలాన్‌లో పడిన మంచు గట్టిపడి ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎండాకాలంలో వాగులకు నీరందించేదీ, స్కీ వాలులకు అడుగు పొర అయ్యేదీ అదే. ఆలస్యంగా పడిన మంచు తొందరగా కరుగుతుంది. మిరుగంలో పడాల్సిన వాన ఆగస్టులో పడితే మనకు ఏమవుతుందో వారికీ అదే అవుతుంది.

మన వాన నైరుతి రుతుపవనాల వల్ల వస్తుంది. వారి మంచు మధ్యధరా సముద్రం వైపు నుంచి శీతాకాలంలో వచ్చే పశ్చిమ అలజడుల వల్ల పడుతుంది. దిక్కులు వేరైనా, ఆకాశం వైపు చూసి అంచనా కట్టే రైతుకూ స్కీ శిక్షకుడికీ తేడా తక్కువ.

సీజన్ అందరిదీ అయిన తీరు

స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి మెల్లగా మారింది. టెన్సింగ్ నార్గే, హిల్లరీ 1953లో ఎవరెస్టు ఎక్కిన మరుసటి ఏడాది డార్జిలింగులో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. 1961లో మనాలీలో, 1965లో ఉత్తరకాశీలో శిక్షణ సంస్థలు వచ్చాయి. గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. సామాన్యుల పిల్లలు కూడా దరఖాస్తు పెట్టుకొని మంచు మీద నడక నేర్చుకునే దారి ఇట్లా తెరుచుకుంది.

1964లో ఇన్స్‌బ్రుక్ శీతాకాల ఒలింపిక్స్‌లో జెరెమీ బుజకోవ్‌స్కీ భారతదేశం తరఫున స్కీయింగ్‌లో పోటీ చేశారు. ఆ క్రీడలలో మన దేశానికి అదే తొలి అడుగు. గుల్మార్గ్ గండోలా తీగమార్గం మొదటి దశ 1998లో, రెండవ దశ 2005లో ప్రారంభమయ్యాయి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు డెహ్రాడూన్, ఔలీలలో జరిగాయి. 2020లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మొదలయ్యాయి. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్. గుల్మార్గ్ దిగువన ఉన్న తంగ్‌మార్గ్ ప్రాంతం ఆయనది. దొరల సామాను మోసిన కొండవాలు బిడ్డ, 95 ఏళ్ల తర్వాత, దేశం జెండా మోశాడు.

మన దారి బడి నుంచే

తెలుగువారు మంచుకు చేరిన దారిలో ముందుగా కనిపించేది విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలు. 1962లో ప్రారంభమైన ఆ బడిలో చదివిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు 1985లో భారత సైన్యపు ఎవరెస్టు యాత్రకు వెళ్లి, తుపానులో చిక్కుకొని ప్రాణాలు విడిచారు. బడి ఆయన విగ్రహాన్ని ఆవరణలో నిలిపింది.

నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం నుంచి అదే బడికి చదువుకోవడానికి వచ్చిన మల్లి మస్తాన్‌బాబు రోజూ ఆ విగ్రహాన్ని చూస్తూ పెరిగాడు. తర్వాత జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తాలలో పెద్ద చదువులు చదివినా ఆ కొండను మరువలేదు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. ఏడు శిఖరాలకు ఏడు వేర్వేరు వాతావరణాలు. ఏ కొండకు ఏ నెలలో వెళ్లాలో లెక్క ముందే కుదరకపోతే 172 రోజులు సాధ్యమే కావు. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఆయన మరణించాడు. ఒక పూర్వ విద్యార్థి త్యాగం ఇంకొక విద్యార్థి జీవితాన్ని ఎట్లా మలిచిందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

రెండవ కథ మన తెలంగాణ గురుకులాలది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో, ఖమ్మం జిల్లా కలేరుకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ అన్నపురెడ్డిపల్లి గురుకులంలో చదివేవారు. ఇద్దరివీ పేద కుటుంబాలు. సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ చొరవతో వందకు పైగా పిల్లలకు సాహస శిక్షణ మొదలైంది. తొలి పాఠాలు భువనగిరి ఏకశిల మీద, శిక్షకుడు శేఖర్‌బాబు ఆధ్వర్యంలో. అక్కడ నిలదొక్కుకున్నవారిని డార్జిలింగుకు పంపారు. అక్కడా రాణించిన కొద్దిమందిని నడి చలికాలంలో లదాఖ్‌కు తీసుకెళ్లారు. చివరకు మిగిలినవారు ఇద్దరు.

ఇందులో గమనించాల్సింది క్రమం. ముందు ఎండలో రాయి, తర్వాత చలిలో మంచు, ఆ తర్వాతే శిఖరం. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు హిమపాతం దగ్గర మంచు విరిగిపడి 16 మంది స్థానిక సహాయకులు చనిపోయారు. ఆ వైపు యాత్రలు ఆగిపోయాయి. మన పిల్లలు టిబెట్ వైపు నుంచి ఎక్కుతున్నారు. ఆ వార్త విన్నా వెనుదిరగలేదు. మే 25 ఉదయం ఇద్దరూ శిఖరం మీద నిలిచారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికలలో అతి పిన్న ఆమె. మరో ఎనిమిది రోజులకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2022లో ఆమె ఏడు ఖండాల శిఖరాలనూ పూర్తిచేసింది.

మన ఊరి నుంచి లెక్క

ఇప్పుడు మన బడి పిల్లలు ఎవరైనా ఒక శీతాకాలం స్కీయింగ్ నేర్చుకోవాలనుకుంటే లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. మనాలీ, గుల్మార్గ్ సంస్థలు ప్రాథమిక శిక్షణను సాధారణంగా జనవరి నుంచి మార్చి లోపల, రెండు వారాల పాటు ఇస్తాయి. సీట్లు తక్కువ కనుక దరఖాస్తు చాలా నెలల ముందే వేయాలి. అంటే బతుకమ్మ పండుగ నాటికి ఆ పని అయిపోవాలి. వైద్య ధ్రువపత్రం, తల్లిదండ్రుల అంగీకారం, రైలు టికెట్లు ఆ వెంటనే. శిక్షణకు కావలసిన స్కీలు, బూట్లు సంస్థలే ఇస్తాయి కనుక వాటిని కొనాల్సిన పని లేదు. చేతి తొడుగులు, ఉన్ని బట్టలు, నల్ల కళ్లద్దాలు మాత్రం ఎవరివి వారికి ఉండాలి.

శరీరాన్ని సిద్ధం చేయడం అన్నింటికన్నా ముఖ్యం. గండిపేట నిండు మట్టం 1,790 అడుగులని మనకు తెలుసు. గుల్మార్గ్ దాదాపు 8,700 అడుగుల ఎత్తున ఉంది. తీగమార్గం పై కొస 13,000 అడుగుల దరిదాపు. అంత ఎత్తున గాలి పలచన. తొందరపడితే తలనొప్పి, వాంతులు తప్పవు. మొదటి రోజులు నెమ్మదిగా గడపాలి. ఇక్కడ ఉండగానే రోజూ పరుగు, గుంజీలు, గుట్టలు ఎక్కి దిగడం అలవాటు చేసుకోవాలి. స్కీయింగ్‌లో భారమంతా మోకాళ్ల మీద, తొడల మీద పడుతుంది. జారడం కన్నా ముందు ఆగడం, పడటం, పడి లేవడం నేర్పుతారు. ఏ బడికైనా పనికొచ్చే పాఠమది.

తగ్గుతున్న మంచు

ఒక సంగతి దాచకూడదు. మంచు సీజన్ కూడా మన వాన లాగే నమ్మకం తప్పుతోంది. 2023 ఫిబ్రవరిలో ఔలీలో జరగాల్సిన పోటీలు మంచు లేక రద్దయ్యాయి. 2024 జనవరిలో, చిల్లై కలాన్ నడుమ, గుల్మార్గ్ వాలులు ఎండిన గడ్డితో కనిపించాయి. 2025లో ఖేలో ఇండియా క్రీడల్లోని గుల్మార్గ్ పోటీలను మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు.

దీన్ని మనకన్నా బాగా అర్థం చేసుకునేవారు ఎవరు? జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలకు 1996లో వచ్చిన 111 జీవో నీడలో మన తరం పెరిగింది. భూమి ఉన్నవారికి అది కష్టమైంది, చెరువుకు అది రక్షణ అయింది. ఆ వాదం ఈ వ్యాసంలో తేలేది కాదు. ఎగువన ఏం జరుగుతుందో దిగువ నీటిని నిర్ణయిస్తుందని మాత్రం మొయినాబాద్ మనిషికి వేరే చెప్పనక్కర్లేదు. హిమాలయపు మంచుకూ అదే సూత్రం.

మంచు తగ్గుతున్న కొద్దీ, అక్కడికి వెళ్లగల స్తోమత ఉన్నవారికే మళ్లీ సీజన్ మిగిలిపోయే ప్రమాదం ఉంది. 1927లో అది కొద్దిమందిది. ఎనిమిది దశాబ్దాలు దాటాక గురుకులం పిల్లలకూ అందింది. ఆ వరుస తెగిపోకుండా చూడటం బడులకు, బడిని మరువని వారికి సాధ్యమైన పని.

మన సంఘానికి నా విన్నపం చిన్నది. ఏటా ఇద్దరు విద్యార్థులను, అందులో ఒకరు తప్పక బాలిక, పర్వత శిక్షణకో స్కీ శిక్షణకో పంపే బాధ్యత తీసుకుందాం. వ్యాయామ ఉపాధ్యాయులు జూన్‌లోనే ఎంపిక చేస్తారు, మనం ఖర్చు చూసుకుందాం, వెళ్లివచ్చినవారు తర్వాతి ఏడాది పిల్లలకు నేర్పుతారు. ఈ మిరుగంలో పేరు రాసుకున్న పిల్లలు వచ్చే చిల్లై కలాన్‌లో మంచు మీద నిలబడాలి.