మన్ననూరు పెంటల్లో పరిశోధన

మన్ననూరు దాటాక శ్రీశైలం దారి నల్లమలలోకి చొరబడుతుంది. అక్కడి చెంచు గిరిజనుల గురించి రాయదలచిన విద్యార్థి ముందు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పనితీరును చూడాలి. లండన్‌లో మలినోవ్‌స్కీ దగ్గర చదివిన ఈ ఆస్ట్రియన్‌ను రెండో ప్రపంచయుద్ధం శత్రుదేశీయుడిగా హైదరాబాద్ సంస్థానానికే కట్టిపడేసింది. 1940లో భార్య బెట్టీతో అమ్రాబాద్ పీఠభూమి చేరి, చెంచుల మధ్యే మకాం పెట్టాడు. గడ్డలు తవ్వడం, తేనె తీయడం, పెళ్లిళ్లు, తగాదాలు చూసి రాసుకున్నవే 1943లో పుస్తకమయ్యాయి. గద్వాల సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిది వేరే దారి. కావ్యాల్లోంచి, సామెతల్లోంచి జనం బతుకును ఏరి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించారు. గొప్ప పనే. కానీ చెంచులు తమ గురించి తాము రాసుకున్న గ్రంథాలు లేనిచోట గ్రంథాలయం ఒక్కటే చాలదు.

హైమెండార్ఫ్ నిజాం సర్కారు అండతో తిరిగిన పరాయివాడు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, చెంచులను ‘జంగిల్ ఫోక్’ అని పుస్తకం అట్ట మీదే వేశాడు. అయితే చూసింది చూసినట్టు వివరంగా రాశాడు కాబట్టే ఇవాళ ఆయన తీర్పులతో పేచీ పెట్టుకోగలుగుతున్నాం. అందుకే ఈ ప్రాంతంలో రచన నేర్పే కొత్త కోర్సు మొదలైతే, పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, ఒక వానాకాలమైనా గడపడం అందులో భాగం కావాలి. చెంచు పిల్లలకూ సీట్లుండాలి.