అణా నుండి నయా పైసాకు

మన గ్రంథాలయమునకు సాయంకాలము వచ్చు చిన్నారులను "అణా యనగా నెంత?" అని యడిగినచో నొకరి ముఖ మొకరు చూచుకొందురు. అయినను "పదహారణాల తెలుగుదనము" అను మాట వారికిని తెలియును. నాణెము పోయినను మాట నిలిచినది. నాణెములు మారిన ఆ కాలమున పిల్లలు తాము నేర్చినదానిని ఇంటి పెద్దలకు నేర్పిన వృత్తాంతము ఈ రజతోత్సవ సంచికలో నుండదగినదని తలంచి వ్రాయుచున్నాను.

1957 వరకు రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. మూడు పైలు ఒక కాని, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. బడిలో కూడిక చేయవలెనన్న పైలను పన్నెండుతో భాగించి అణాలలోను, అణాలను పదహారుతో భాగించి రూపాయలలోను కలుపవలసియుండెను. ఎక్కడ తప్పినను బెత్తము సిద్ధముగా నుండెడిది. అట్లని ఆ పద్ధతి తెలివితక్కువదని నేననను. రూపాయిని సగము, సగములో సగముగా నాలుగు మారులు విడదీసినను సరిగా అణా మిగులును. ముగ్గురికి పంచినచో తలకు అయిదణాల నాలుగు పైలు చొప్పున చెల్లిపోవును. నూరు పైసలను ముగ్గురికి పంచి చూడుడు!

1955లో నాణెముల చట్టము సవరింపబడి, 1957 ఏప్రిల్ 1వ తేదీ నుండి రూపాయికి నూరు నయా పైసలు అను పద్ధతి అమలులోనికి వచ్చెను. పాత నాణెములును కొంతకాలము చెల్లుచుండుటచే చిక్కు హెచ్చెను. అయిదు నయా పైసల బిళ్ళ చదరము. పాత అర్ధణా, బేడలును చదరమే. రెండు, పది నయా పైసల బిళ్ళల అంచు పూరేకులవలె వంపులు తిరిగియుండెను; పాత అణా అంచును అట్టిదే. చేతితో తడిమి నాణెమును గుర్తించు ముసలివారికి, అక్షరములు రానివారికి ఇది యెంత బాధయో యూహింపవచ్చును. తెలంగాణము వారి కిట్టి మార్పు కొత్త కాదు. ఏడు హాలీ సిక్కా రూపాయలకు ఆరు కల్దారు రూపాయలను లెక్క వారు అంతకు పూర్వమే పడినవారు.

నాడు నేను మూడవ తరగతి విద్యార్థిని. మా ఉపాధ్యాయులు నాణెముపై కాగితము పరచి పెన్సిలుతో రుద్దించి, అచ్చుపడిన బొమ్మ ప్రక్కన విలువ వ్రాయించెడివారు. పిమ్మట మార్పిడి పట్టికను వల్లె వేయించిరి: అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది, పావలాకు ఇరువదియైదు. నిజమునకు అణా యనగా ఆరుంబావు నయా పైసలు. అర పైసా, అంతకు తక్కువ యైనచో విడిచిపెట్టుట, ఎక్కువైనచో నొక పైసాగా నెంచుట నియమము.

మా నాయనమ్మ పదహారిండ్లకు దినమున కొక్క అణా చొప్పున పెరుగు పోసెడిది. ఒకనాటి సాయంకాలము కొంగుముడి విప్పి నా ముందు కుమ్మరించి, "పదహారిళ్ళకు పోశానురా, రూపాయి కావాలి గదా, లెక్కపెట్టు" అనెను. ఎన్నిసార్లు లెక్కించినను తొంబదియారే! ఎవరో మోసగించిరని ఆమె కన్నీరు పెట్టుకొనెను. నేను పలక తెచ్చి ఇంటింటికి పావు పైసా పోవుచున్నదనియు, పదహారు పావులు నాలుగు పైసలనియు గీతలు గీసి చూపితిని. ఆమె కొంతసేపు పలకవంక చూచి, "అయితే నాలుగు రోజులకొకసారి పావలా ఇమ్మంటాను" అనెను. నా పట్టికలో నున్న యుపాయము నాకు తట్టలేదు, చదువురాని ఆమెకు తట్టినది! ఇండ్లవారు సమ్మతించిరి. అటుపిమ్మట ఆమెకు పైసా నష్టము కలుగలేదు.

1964 జూన్ 1వ తేదీనుండి "నయా" అను మాట తొలగి పైసా మిగిలెను. 2011 జూన్ 30వ తేదీతో పావలా బిళ్ళయు చెల్లుబాటు కోల్పోయెను. నేటి పిల్లలకు బిళ్ళకంటె నోటుపై ఆసక్తి మెండు. నోటు వెనుక పదిహేను భాషల పట్టీ కలదు. అందు తెలుగు పదునాల్గవ పంక్తి. గడచిన వేసవిలో, అక్షరములు కొత్తగా కూడబలుకుచున్న మా మనుమని చేతికి పది రూపాయల నోటిచ్చి మన భాషను వెదకుమంటిని. వాడు వ్రేలు జార్చుకొనుచు ఉర్దూ పంక్తికి పైన ఆగి, "పది రూపాయలు" అని బిగ్గరగా చదివెను. ప్రక్కనున్న వాని యక్క "తాతయ్యా, మీ లెక్కలో దీనికి అణాలెన్ని?" అని యడిగి, నేను చెప్పులోపలనే కాగితము తీసికొని పదహారును పదితో హెచ్చించుట మొదలిడెను.