గర్భస్రావం: ధర్మశాస్త్ర విచక్షణ, లోకాపవాదం

కడుపు పోయిందంటే మన తెలుగునాట జాలిపడతారు. కడుపు తీయించుకున్నదంటే నోరు నొక్కుకుంటారు. గ్రాంథికంలో భ్రూణహత్య అన్న మాట ఒకటున్నది. ఆ మాట ఉచ్చరించినంతనే తీర్పు కూడ చెప్పినట్లవుతుంది. అరబ్బీ ధర్మశాస్త్ర గ్రంథాలను తెనిగించేవారికి ఇక్కడే చిక్కు ఎదురవుతుంది. ఫుఖహాలు వాడిన 'ఇస్ఖాత్' అన్న పదానికి పడవేయుట అని అర్థం. హదీసులలో కనిపించే 'ఇమ్లాస్' అన్న పదానికి జారిపోవుట అని అర్థం. ఈ మాటలలో దోషం గాని నిర్దోషిత్వం గాని ముందుగా చేరిలేదు. గర్భం దానంతట పడినదా, ఒకరు కొట్టగా పడినదా, మందు తాగగా పడినదా, ఎన్నవ నెల, ఏమి కారణం - ఇవన్నీ విచారించిన పిమ్మటనే హుకుం. ఇస్ఖాత్‌ను భ్రూణహత్య అని తెనిగిస్తే ఆ విచారణ యావత్తూ అనువాదంలోనే మాయమవుతుంది. కాబట్టి ఈ వ్యాసంలో గర్భస్రావం అన్న మాటనే వాడుతున్నాను.

ఈ వ్యాసోద్దేశం ఫత్వా ఇవ్వడం కాదు. అది ముఫ్తీల పని. ఈ విషయమై శాస్త్రం ఏమి అడిగింది, లోకం ఏమి అడిగింది, ఆ రెండింటికి ఎంత దూరమున్నది అన్నది చరిత్ర ఆధారంగా చూపడమే ఇక్కడి ప్రయత్నం.

గుర్రా తీర్పు

అజ్ఞానకాలపు అరబ్బులలో కొందరు ఆడశిశువులను సజీవంగా పూడ్చేవారు. దివ్యఖుర్ఆన్ తక్వీర్ సూరాలో (81:8-9) ఆ పూడ్చబడిన బిడ్డనే తీర్పుదినాన ప్రశ్నిస్తారని, ఏ పాపానికి చంపబడ్డావని అడుగుతారని తెలిపి ఆ ఆచారాన్ని ఖండించింది. దరిద్రానికి భయపడి సంతానాన్ని చంపవద్దని ఇస్రా సూరా (17:31) ఆదేశించింది. ఈ ఆయతులు పుట్టిన బిడ్డలను గురించినవి. గర్భస్థ పిండాన్ని గురించిన శాసనం హదీసుల ద్వారా తెలియవచ్చింది.

హుజైల్ తెగకు చెందిన ఇద్దరు స్త్రీలు తగవులాడుకున్నారు. ఒకతె విసిరిన రాయి రెండవ ఆమెకు తగిలి ఆమె గర్భంలోని పిండం మరణించింది. దైవప్రవక్త (సల్లం) ఆ పిండానికి 'గుర్రా', అనగా ఒక బానిస లేక బానిసరాలి విలువ, పరిహారంగా చెల్లించవలెనని తీర్పు చెప్పారు. తినని, తాగని, ఏడవని దానికి పరిహారమేమిటని ప్రతిపక్షపు పెద్ద అంత్యప్రాసలతో వాదించాడు. సోదెగాండ్ర మాటలవలె ఉన్నదని ప్రవక్త (సల్లం) ఆ వాదాన్ని త్రోసిపుచ్చారు.

తరువాత హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫతు కాలంలో స్త్రీ గర్భం జారిపోయిన వ్యాజ్యం వచ్చినప్పుడు ఆయన సహాబాలను సంప్రదించారు. ముగీరా బిన్ షూబా (రజి) ఈ తీర్పును చెప్పగా, మరొక సాక్షి కావాలన్నారు. ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) వచ్చి సాక్ష్యమిచ్చిన మీదటనే దానిని అమలుపరచారు. ఫుఖహాలు గుర్రా విలువను పూర్తి దియత్‌లో 20వ వంతుగా, అంటే 50 దీనార్లుగా లెక్కగట్టారు. ఇందులో రెండు విషయాలు ఒక్కసారే ఉన్నవి. పిండం విలువలేనిది కాదు. అట్లని పుట్టిన మనిషితో సమానమూ కాదు. ఆ సొమ్ము నిండు ప్రాణం దియత్ కాదు, దానికి ఖిసాస్ కూడ లేదు. పిండం ఏడ్చి, ప్రాణంతో బయటపడి, అదే దెబ్బ వల్ల చనిపోతే మాత్రం పూర్తి దియత్.

దినముల లెక్క, కారణముల లెక్క

మూమినూన్ సూరా (23:12-14) పిండం ఎదుగుదలను దశలుగా వర్ణించింది. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసును బట్టి మూడు నలభైల పిమ్మట దైవదూత వచ్చి ఆత్మను ఊదుతాడని ఎక్కువమంది గ్రహించారు. 120 దినముల హద్దు ఇక్కడినుండి వచ్చినదే. ఆ హద్దు దాటిన తరువాత గర్భాన్ని తీసివేయడం నిషిద్ధమన్న విషయంలో ఫుఖహాలలో భేదం లేదు. భేదమంతా దానికి ముందరి కాలం గురించే.

మాలికీలలో ప్రబలిన మతం ప్రకారం వీర్యం గర్భాశయంలో నిలిచినది మొదలు, 40 దినములకు ముందైనా సరే, దానిని వెలువరించరాదు. ఇమామ్ గజాలీ (మ. 1111) తన ఇహ్యాలో అజ్ల్‌ను గర్భస్రావంతో పోల్చరాదని, గర్భం ఏర్పడిన పిమ్మట దశ పెరిగేకొద్దీ దోషమూ పెరుగుతుందని, ప్రాణంతో వెలువడిన తరువాత చంపడం దోషానికి పరాకాష్ఠ అని వ్రాశారు. హంబలీలలో కొందరు 40 దినముల లోపు మందు తాగడాన్ని అనుమతించారు.

దక్షిణ భారత ముస్లిములలో అధికసంఖ్యాకులు అనుసరించే హనఫీ మజ్హబులోనూ ఒకే మాట లేదు. ఇబ్నుల్ హుమామ్ (మ. 1457) అవయవ నిర్మాణం కానంతవరకు సమ్మతమని వ్రాశారు. ఖాజీఖాన్ (మ. 1196) దానికి ఒప్పుకొనలేదు. ఇహ్రామ్‌లోనున్న హాజీ వేటపక్షి గుడ్డును పగులగొడితే పరిహారం చెల్లించవలసి ఉండగా, అకారణంగా గర్భాన్ని తీసివేసిన స్త్రీకి దోషమెట్లా ఉండదని ఆయన తర్కం. ఇబ్ను వహ్బాన్ ఈ ఇద్దరికీ మధ్య మార్గం చూపారు: సమ్మతమన్న మాట 'ఉజ్ర్', అంటే తగిన కారణం, ఉన్నప్పటికే వర్తిస్తుంది. ఆయన చూపిన ఉదాహరణ గమనార్హం. చంటిబిడ్డ తల్లికి మళ్ళీ గర్భం నిలిచి పాలు ఆగిపోయినవి. దాదిని కుదుర్చుకునే స్తోమత తండ్రికి లేదు. చంటిబిడ్డ చనిపోవునేమోనన్న భయమున్నది. ఇది కారణమే. 19వ శతాబ్దంలో డమాస్కస్‌కు చెందిన ఇబ్ను ఆబిదీన్ (మ. 1836) దీనిని తన గ్రంథంలో ఉటంకించారు. కలిగినవారి మదర్సాలో కూర్చుండి వ్రాసిన మాట కాదిది. ఇందులో బీదవాని ఇల్లు కనిపిస్తున్నది, పాలులేని తల్లి కనిపిస్తున్నది.

వైద్యుల మాట

ఇబ్ను సీనా (మ. 1037) తన ఖానూన్‌లో గర్భస్రావం అవసరమయ్యే సందర్భాలను తెలిపారు: గర్భవతి మరీ చిన్నపిల్లయై ప్రసవంలో ప్రాణాపాయం ఉన్నప్పుడు, గర్భాశయానికి జబ్బు ఉన్నప్పుడు, గర్భాశయ ముఖద్వారంలో కండ పెరిగి బిడ్డ రాక కష్టమైనప్పుడు. ఆయనకు పూర్వం 10వ శతాబ్దపు అలీ బిన్ అబ్బాస్ మజూసీ, గర్భనిరోధక మందుల పేర్లు చెప్పకుండుటే మేలని, మంచితనం లేని స్త్రీలు వాడుకొందురని శంకించారు. అయినా ప్రసవం ప్రాణాంతకమయ్యే స్త్రీల కోసం చెప్పక తప్పదని వ్రాశారు. రోగిని చూచే వైద్యుడు ఒకవైపు, స్త్రీ శీలాన్ని శంకించే లోకం మరొకవైపు - రెండూ ఒకే వాక్యంలో ఇమిడినవి. ఈనాటి ఆసుపత్రులలోనూ ఈ రెండు గొంతులు వినిపిస్తూనే ఉన్నవి.

అపవాదానికి అడ్డుకట్ట

లోకం నిజానికి గర్భస్రావాన్ని నిందించడం తక్కువ. గర్భం ఎవరిదన్న ప్రశ్నతో నిందించడం ఎక్కువ. భర్త ఊళ్ళోలేని స్త్రీ, వితంతువు, పెళ్ళికాని పిల్ల - వీరు మంత్రసానిని చాటుగా ఆశ్రయించేది ఈ ప్రశ్నకు జడిసే. ఇచ్చట శాస్త్రం తీసుకొన్న వైఖరి మనవారిలో చాలామందికి తెలియదు.

నూర్ సూరా (24:4) పతివ్రతలపై నింద మోపి నలుగురు సాక్షులను తీసుకురాలేనివానికి 80 కొరడా దెబ్బలు విధించి, అతని సాక్ష్యాన్ని ఇకముందు అంగీకరించవద్దన్నది. పెళ్ళికాని స్త్రీ గర్భవతి కావడమే వ్యభిచారానికి రుజువని మాలికీలు అన్నారు. హనఫీలు, షాఫియీలు, హంబలీలు మాత్రం ఒప్పుకోలు గాని సాక్ష్యం గాని లేనిదే శిక్ష లేదన్నారు.

గర్భానికి గరిష్ఠ కాలం హనఫీల లెక్కలో రెండేండ్లు; షాఫియీల లెక్కలో నాలుగేండ్లు; మాలికీలలో నాలుగు, ఐదు ఏండ్లు అన్న మాటలున్నవి. ఉత్తరాఫ్రికాలో పిండం గర్భంలోనే 'నిద్రపోతుంది' అన్న నమ్మకం జనంలో పాతుకొనిపోయింది. వైద్యం దృష్ట్యా ఇది సరికాదు; 1929లో ఈజిప్టు చట్టం ఈ కాలాన్ని ఒక సంవత్సరానికి తగ్గించింది. కాని ఆ పాత లెక్క ఎందరో వితంతువులను, దూరదేశం పోయినవారి భార్యలను అపనిందనుండి కాపాడింది. వారి బిడ్డలకు తండ్రి పేరు, వారసత్వం దక్కించింది. మాలికీ న్యాయాధిపతి ఒక చేత్తో కఠినంగా ఉండి, మరొక చేత్తో తలుపు తెరచి ఉంచినాడన్నమాట.

హసన్ బస్రీ ద్వారా వచ్చిన ఒక ఉల్లేఖనం ఈ సందర్భంలో చెప్పుకోదగినది. భర్త దూరంగా ఉన్న ఒక స్త్రీ ఇంటికి మగవారి రాకపోకలున్నవని పుకారు పుట్టింది. హజ్రత్ ఉమర్ (రజి) ఆమెను పిలువనంపారు. ఖలీఫా పిలుపు విని ఆమె హడలిపోయింది. దారిలోనే నొప్పులు వచ్చి ప్రసవించింది; బిడ్డ రెండుసార్లు ఏడ్చి కన్నుమూసింది. మీరు పాలకులు, క్రమశిక్షణ నేర్పేవారు, మీపై బాధ్యత లేదని కొందరన్నారు. హజ్రత్ అలీ (రజి) మౌనంగా ఉండగా ఖలీఫా ఆయనను అడిగారు. ఇది వారి అభిప్రాయమైతే తప్పు, మీ మెప్పుకోసం చెప్పివుంటే మీకు మేలు చేయలేదు. ఆమెను భయపెట్టింది మీరే కనుక దియత్ మీపైనే ఉన్నదని ఆయన చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) దానిని శిరసావహించారు. పుకారు నిజమా కాదా అన్న విచారణ ఆ తీర్పులో ఎక్కడా లేదు. భయం గర్భాన్ని పడవేసింది, భయపెట్టినవారు బాధ్యులు. మన బస్తీలలో నోటిమాటతో స్త్రీలను హడలగొట్టేవారు ఈ లెక్కన ఎంతెంత దియత్ బాకీపడి ఉన్నారో!

ఆధునిక శాసనాలు

19వ శతాబ్దంలో ఈ వ్యవహారం ఖాజీ చేతినుండి ప్రభుత్వం చేతికి పోయింది. ఉస్మానియా సామ్రాజ్యం జనాభా తరుగుతున్నదన్న చింతతో 1838లో గర్భస్రావ నిషేధపు ఫర్మానా జారీచేసింది. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షను ప్రాణరక్షణకు తప్ప గర్భస్రావాన్ని నేరంగా పరిగణించి, ఆ స్త్రీని కూడ నేరస్థురాలిని చేసింది. చాటుమాటు చికిత్సలు హెచ్చాయి. 1964లో శాంతిలాల్ షా సంఘం ఏర్పడి 1966లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితమైన 1971 చట్టం 20 వారాల హద్దు విధించింది. 120 దినముల హద్దు వైద్యుల లెక్కలో సుమారు 19 వారాలు. రెండూ దగ్గరగా రావడం కాకతాళీయమే.

ఆ చట్టంలోనూ లోకాపవాదం చోటు చేసుకొన్నది. గర్భనిరోధక సాధనం విఫలమైందన్న కారణం వివాహితకు మాత్రమే చెల్లుతుందన్నారు. 2021 సవరణ ఆ మాట తొలగించింది, స్త్రీ పేరు బయటపెట్టరాదన్న కట్టడి చేర్చింది, కొన్ని తరగతుల స్త్రీలకు హద్దును 24 వారాలకు పెంచింది. ఈ తరగతులలో అవివాహితలకూ హక్కు ఉన్నదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ముస్లిం లోకంలోనూ మార్గాలు వేరైనవి. ట్యునీషియా 1973లో మొదటి మూడు నెలల వరకు అనుమతించింది. 1990లో మక్కాలోని ఫిఖ్హ్ మండలి, పిండానికి చికిత్సకు లొంగని తీవ్ర వైకల్యమున్నదని నమ్మదగిన వైద్యుల బృందం నిర్ధారిస్తే, తల్లిదండ్రుల కోరికపై 120 దినముల లోపు అనుమతించవచ్చునని, ఆ తరువాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటేనేనని తీర్మానించింది. ఆడపిల్ల అన్న కారణంతో గర్భాన్ని తీసివేయడం వీటన్నింటికీ వెలుపలి మాట. దానిని అరికట్టడానికి మన దేశంలో 1994లో చట్టం వచ్చింది. తక్వీర్ సూరా ప్రశ్న నేడు స్కానింగు గదిని కూడ అడుగుతున్నది.

శాస్త్రం ఈ విషయంలో ఉదాసీనంగా లేదు. పిండానికి విలువ కట్టింది, హద్దు గీసింది. అట్లే నింద మోపేవానికీ హద్దు గీసింది. మొదటి హద్దును మన ఉపన్యాసాలలో తరచు వింటున్నాము. రెండవది వినడం అరుదు. మాఇజ్ (రజి) చేసిన తప్పును ఒప్పుకొనుటకు ప్రవక్త (సల్లం) సన్నిధికి వెళ్ళమని ప్రోద్బలం చేసిన హజ్జాల్ (రజి)తో, నీ వస్త్రంతో అతనిని కప్పి ఉంటే నీకు మేలై ఉండేదని ఆయన అన్నారు. ఒక స్త్రీ ముఫ్తీ గుమ్మానికి గాని వైద్యుని గుమ్మానికి గాని నిర్భయంగా రాగలిగిననాడే ఎన్నవ నెల, ఏమి కారణం అన్న ప్రశ్నలకు అర్థముంటుంది. రాలేకపోతే ఆమె మంత్రసాని నాటుమందు దగ్గరకు పోతుంది. అక్కడ ఏ మజ్హబు హద్దూ పనిచేయదు.