మాల్మెజాన్ సౌధము: జోసెఫిను మహారాణి గృహము

పారిస్ మహానగరమునకు పడమటి దిక్కున, రుయెయ్ అను ఊరిలో మాల్మెజాన్ అను సౌధము కలదు. ఆ ఫ్రెంచి పేరునకు ‘చెడ్డ యిల్లు’ అని అర్థము. ఐరోపాలోని రాజప్రాసాదములతో పోల్చినచో ఇది చిన్నదే. అయినను ఒక సామ్రాజ్యము యొక్క ఉదయమును, అస్తమయమును కన్నులార చూచిన గృహ మిది.

ఈ యింటి యజమానురాలు జోసెఫిను 1763లో వెస్టిండీసు ద్వీపములలోని మార్టినిక్‌నందు జన్మించెను. ఫ్రెంచి విప్లవకాలమున, 1794లో, ఆమె మొదటి భర్త శిరచ్ఛేదమునకు గురియయ్యెను. ఆమెయు చెఱసాలలో మృత్యువు నెదురుచూచి, దైవవశమున బయటపడెను. 1796లో నెపోలియన్ బోనపార్టును వివాహమాడెను. అతడు ఈజిప్టు దండయాత్రలో నుండగా, 1799లో, చేత ధనము లేకున్నను మూడు లక్షల ఫ్రాంకులకు పైబడిన ధరకు ఆమె ఈ సౌధమును కొనెను. మరలి వచ్చిన భర్త ఆ బాకీని తీర్పవలసి వచ్చెను.

నేడు సందర్శకుడు లోన అడుగిడినచో క్రింది యంతస్తులో మంత్రాలోచన మందిరమును చూచును. యుద్ధభూమిలోని గుడారమువలె గుడ్డలతో అలంకరించిన గది యిది. 1800 మొదలు 1802 వఱకు రాజ్యకార్యములు పెక్కు ఇచ్చటనే నిర్ణయింపబడెను. దాని ప్రక్కన నున్నది గ్రంథాలయము. నున్నని మహాగని కొయ్య స్తంభములు, పైకప్పున ప్రాచీన కవుల చిత్రములు దానికి శోభ గూర్చుచున్నవి.

జోసెఫిను కీర్తి రాజసభలోకంటె ఉద్యానమునందే నిలిచినది. ఆమె దూరదేశముల నుండి మొక్కలను తెప్పించెను. చలిదేశమున వానిని బ్రతికించుటకై 1805లో పొయ్యిలతో వేడిచేయు అద్దాల యిల్లు కట్టించెను. ఆస్ట్రేలియా నుండి వచ్చిన నల్లని హంసలు అచ్చటి కొలనులో ఈదెను. రెదూతే అను చిత్రకారుడు అచ్చటి పుష్పములను చిత్రించి శాశ్వతము చేసెను.

1804లో ఆమె సామ్రాజ్ఞి యయ్యెను. కాని నెపోలియన్‌వలన ఆమెకు సంతానము కలుగలేదు. వంశము నిలువదేమో యను చింత మన పురాణములలోని రాజులకును కలదు. దశరథుడు యాగము చేసెను. నెపోలియన్ విడాకులు కోరెను. 1809 డిసెంబరులో వారి వివాహబంధము రద్దయ్యెను. మహారాణి బిరుదును, మాల్మెజాన్ సౌధమును ఆమెకు మిగిలెను.

1814 మే 29న ఆమె ఈ సౌధముననే కన్నుమూసెను. హంస శిల్పములతో నొప్పు ఆ బంగారు మంచమును మేడపై గదిలో నేటికిని చూడవచ్చును. మరుసటి యేట వాటర్లూలో ఓడిన నెపోలియన్, ఆమె లేని యీ యింట నాలుగు దినములు గడపి, 1815 జూన్ 29న శాశ్వతముగా వెడలిపోయెను. అతని తుది మజిలీ సెయింట్ హెలీనా ద్వీపము.

విధి విలాసము చూడుడు. ఏ పుత్రునికై జోసెఫినును విడిచెనో, రెండవ భార్యవలన కలిగిన ఆ పుత్రుడు సింహాసనమెక్కి పాలింపకయే 1832లో గతించెను. 1852లో చక్రవర్తి యయిన మూడవ నెపోలియన్ జోసెఫిను కూఁతురి కుమారుడు! అమ్మమ్మ యిల్లు అన్యాక్రాంతమై యుండగా 1861లో అతడు దానిని కొనెను.

1870 నాటి యుద్ధమున ఆ సౌధము మరల పాడుపడెను. తరువాత భూమి తునుకలుగా అమ్ముడుపోయెను. జోసెఫిను నాటి 726 హెక్టార్లలో, అనగా సుమారు 1,790 ఎకరములలో, తుదకు మిగిలినవి పదునైదు ఎకరములు. 1896లో ఒసిరిస్ అని ప్రసిద్ధుడైన దానియేల్ ఇఫ్లా అను ధనికుడు సౌధమును కొని, బాగుచేయించి, 1904లో ప్రభుత్వమునకు దానమిచ్చెను. 1906లో అది ప్రదర్శనశాలగా ప్రజలకు తెఱువబడెను.

రాజులు కట్టుకొన్నది, రాణులు కొన్నది చేతులు మాఱి శిథిలమయ్యెను. ఒక గృహస్థు పదిమంది కొఱకు ఇచ్చినది మాత్రము నూఱేండ్లు దాటి నిలిచియున్నది. దాన మనుదానికి ఇంతకన్న సాక్ష్యమేల?