యమదూతల పూర్వచరిత్ర

రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవునందు తిలోదకములు విడుచువారు నిత్యమును కానవత్తురు. ఇటీవల భర్తను కోల్పోయిన యొక పొరుగింటి యిల్లాలు, వైతరణీ గోదానమునకై చెవికమ్మలు తాకట్టు పెట్టబోవుచు, "గోదానము చేయకున్న ఆయనను ఆ యేటి యొడ్డుననే నిలిపివేయుదురా, మాస్టారూ?" అని నన్నడిగెను. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము.

యముడు మొదట భయంకరుడు కాడు. ఋగ్వేదము పదవ మండలమున నతడు మనకందఱకు ముందుగా దారి కనుగొనిన వైవస్వతుడు, పితృలోకమునకు రాజు. మర్త్యులలో మొదట మరణించినవా డతడేయని అథర్వవేదము చెప్పుచున్నది. అతని దూతలు సరమ సంతతియైన రెండు శునకములు. నాలుగేసి కన్నులు కలవి, త్రోవ కాచునవి. పోవువానిని వానికే యప్పగించి క్షేమ మిమ్మని యచట ప్రార్థన.

కఠోపనిషత్తునందు యముడు, తన యింట మూడు రాత్రులు పస్తున్న బాలుడు నచికేతునకు నమస్కరించి వరములిచ్చిన గురువు. భారతారణ్యపర్వమున పాశము చేతబూని సత్యవంతునికై తానే వచ్చెను. అట్టి గుణవంతుని కొనిపోవుట తన భటులకు తగదని సావిత్రితో చెప్పెను.

గరుడపురాణ ప్రేతకల్పమున నీ చిత్రము మాఱినది. దూతలు పాశదండధరులై జీవుని ఏడాది పొడవున పదునాఱు పురముల మీదుగా నడిపింతురు. పుత్రు లిచ్చు పిండములే యాహారము. నెత్తురు పాఱు వైతరణిని దాటుటకు దానమిచ్చిన గోవే యాధారము. వేదమున త్రోవ కాచిన దూతలు పురాణమున తలారులైరి. పోయినవారి కన్నము పెట్టుచున్నామను తలపు దుఃఖితులకు ఊరట యగుట నిజమే. కాని యూరట అప్పుగా మాఱరాదు.

తెలుగు భాగవతమున ఏర్చూరి సింగన రచించిన షష్ఠస్కంధమును చూడుడు. అజామిళుడు కొడుకును పేరుపెట్టి "నారాయణా" యని పిలిచినంతనే విష్ణుదూతలు వచ్చి యమభటుల నడ్డగించిరి. ఆ పాపిని విడిపించినది నామమే కాని గోదానము కాదు.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన ఈ పురముననే తొలి వితంతు వివాహము జరిపించినపుడు, శాస్త్రప్రమాణములు చూపియే దురాచారము నెదిరించిరి. ఆ మార్గము మనకును చాలును.

"అమ్మా, చెవికమ్మలు తీయకుడు. పిల్లల కన్నము పెట్టుడు, ఆయనకు దారి యెన్నడో యేర్పడియున్నది" అంటిని. ఆమె తలయూచెను. కాని యమభటులకంటె బంధువుల మాటకే వెఱచుచున్నది. ఆ వెఱపు తీర్పవలసినవారము చదువుకొన్న మనమే.