పాత పద్దుల నుండి కొత్త పుస్తకానికి: బనగానపల్లె ప్రాంతంలో లెక్కల మార్పు

1. పరిచయం

శాసనాలు, సన్నదులు, ప్రభుత్వ నివేదికలు ఎక్కువగా పాలకుల సంగతులు చెబుతాయి. ఒక సామాన్య కుటుంబం ఏ ధరకు జొన్నలు కొన్నదో, ఎవరికి ఎంత బాకీ పడిందో తెలుసుకోవాలంటే మీరు ఇంటి లెక్కల పుస్తకాలను చూడాలి. రోజువారీ వ్యవహారాలను జరిగిన వరుసలో రాసేది చిట్టా. వాటిని మనిషి పేరున, పద్దు పేరున విడదీసి రాసేది ఆవర్జా. పాత లెక్కలను తేలికైన కొత్త పద్ధతిలోకి మార్చేటప్పుడు ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న విషయాన్ని ఈ వ్యాసంలో బనగానపల్లె ఆధారంగా పరిశీలిద్దాం.

2. ఒకే సంవత్సరం, రెండు ప్రభుత్వాలు

నేడు నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె బ్రిటిష్ కాలంలో నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానం. ఆర్థిక వ్యవహారాలు అస్తవ్యస్తమైనందున 1905లో మద్రాసు ప్రభుత్వం దాని పాలనను తాత్కాలికంగా తన చేతిలోకి తీసుకొని 1908లో తిరిగి అప్పగించింది. 1948 ఫిబ్రవరిలో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో విలీనమై కర్నూలు జిల్లాలో చేరింది. ఆనాటి విలీన ఒప్పందాలలో పాలకుడు తన సొంత ఆస్తుల జాబితాను విడిగా ఇవ్వాలనే నిబంధన ఉండేది. ఏది ఖజానా సొమ్ము, ఏది సొంత సొమ్ము అని తేలనిదే కొత్త లెక్క మొదలు కాదన్నమాట.

ఇక్కడ తేదీల విషయం కూడా గమనించండి. మద్రాసు రెవెన్యూ లెక్కలలో ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలయ్యేది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శక సంవత్సరం వస్తుంది. ఆ ప్రకారం విలీనం ఫసలీ 1357 మధ్యలో జరిగింది. ఒక పాత పద్దును తిరగరాసే వ్యక్తి నెలను వదిలి 'ఫసలీ 1357' అని మాత్రమే రాస్తే, ఆ శిస్తు నవాబు ఖజానాకు చేరిందా, మద్రాసు ప్రభుత్వానికి చేరిందా అన్నది ఇక తెలియదు.

3. అణాల నుండి నయా పైసలకు

1957 ఏప్రిల్ 1న దేశమంతటా దశాంశ నాణేల పద్ధతి అమలులోకి వచ్చింది. అంతవరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. కొత్త పద్ధతిలో రూపాయికి 100 నయా పైసలు. కూడికలు తేలికయ్యాయి. అయితే అణా విలువ సరిగ్గా 6.25 నయా పైసలు. అందువల్ల మార్పిడి పట్టికలో భిన్నాలను సవరించి ఒక అణాకు 6, రెండు అణాలకు 12, మూడు అణాలకు 19, నాలుగు అణాలకు 25 నయా పైసలుగా చూపారు.

దీని ప్రభావాన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. నాపరాళ్ళ గనిలో పనిచేసే ఒక కూలీకి రెండు అణాల చొప్పున ఎనిమిది పద్దుల కూలి రావలసి ఉందనుకోండి. మొత్తం 16 అణాలు, అంటే 100 నయా పైసలు. పద్దు పద్దునూ విడివిడిగా మారిస్తే వచ్చేది 96 మాత్రమే. అదే కూలీ అంగడిలో మూడు అణాల చొప్పున పదహారు పద్దుల బాకీ ఉన్నాడనుకోండి. అసలు బాకీ 3 రూపాయలు. విడివిడిగా మారిస్తే 3 రూపాయల 4 నయా పైసలవుతుంది. రావలసినది తగ్గింది, ఇవ్వవలసినది పెరిగింది. ఇందులో ఎవరూ దొంగ లెక్క రాయలేదు. మొత్తాన్ని కాక పద్దులను మార్చడమే దీనికి కారణం. పాత చిట్టాను దాచుకున్నవాడే ఈ తేడాను నిరూపించగలడు.

4. నేటి కాలానికి అన్వయం

మైక్రోసాఫ్ట్ మనీ వంటి సొంత లెక్కల ప్రోగ్రాము అమ్మకాలు 2009లో నిలిచిపోయినప్పుడు దాన్ని వాడేవారికి కూడా ఇదే సమస్య ఎదురైంది. ఏళ్ళ తరబడి రాసుకున్న వివరాలను, జమ, ఖర్చు, నిల్వ మాత్రమే చూపే చిన్న ప్రోగ్రాములోకి మార్చేటప్పుడు ఉపపద్దులు, వివరణలు జారిపోవచ్చు. మీరు అలాంటి మార్పు చేయదలిస్తే మూడు పనులు చేయండి. మొదట ఒక తేదీని నిర్ణయించి పాత ఖాతాల ముగింపు నిల్వలు తేల్చండి. వాటిని బ్యాంకు పాసుపుస్తకంతో సరిచూసి కొత్త పుస్తకంలో ప్రారంభపు నిల్వలుగా రాయండి. పాత పద్దులన్నీ ముద్రించి భద్రపరచండి, ఎందుకంటే పాత ఫైలును తెరిచే ప్రోగ్రాము రేపు ఉండకపోవచ్చు.

5. సారాంశం

కొత్త పుస్తకానికి నిల్వ చాలు. చరిత్రకు, న్యాయానికి మాత్రం ఆ నిల్వ ఎలా వచ్చిందో చెప్పే పద్దులు కావాలి. కాబట్టి లెక్కను తేలిక చేసుకోవడం, పాత లెక్కను పారవేయడం ఒకటి కావని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1957 నాటి మార్పిడిలో మొత్తాన్ని మార్చడానికి, పద్దులను విడివిడిగా మార్చడానికి గల తేడాను సోదాహరణంగా వివరించండి.
2. మీ ఇంట్లో ఉన్న పాత లెక్కల పుస్తకం ఒకటి తీసుకొని, అందులోని తేదీలు, నాణేల పేర్ల ఆధారంగా దాని కాలాన్ని నిర్ణయించండి.