'నీవు' అనగా ఎవరు?

టెలివిజను తెర ముందో, కంప్యూటరు ముందో, అరచేతిలో ఇమిడే టెలిఫోను ముందో కూర్చుండి పిల్లలు, పెద్దలు కూడ ఆడుకొనే ఆటలను వీడియో గేములంటున్నాము. వీనిలో చాలవాటికి ఒక వాకిలి ఉన్నది. ఆట మొదలు కాకముందే తెర మీద రెండు బొమ్మలు నిలుస్తవి. ఒకటి బాలుడు, ఒకటి బాలిక. లేదా ఒకరు యోధుడు, ఒకరు యోధురాలు. వీరిలో నీవు ఎవరవు అని యంత్రం అడుగుతుంది. పదేండ్ల పిల్ల ఒక బొమ్మ మీద వేలుంచి లోపలికి వెళ్ళిపోతుంది. అది ఒక్క క్షణం పని. కాని ఆ ప్రశ్న అడిగించుటకు నలభై ఏండ్లకు పైగా పట్టినది. అడిగితే ఖర్చు పెరుగుతుందని కొందరన్నారు. అడగవలెనన్న ఊహయే కొందరికి రాలేదు. మరికొందరు అడిగినారు గాని, స్త్రీ అని జవాబిస్తే బలం తగ్గిస్తామన్నారు.

తొలినాటి కంప్యూటరు ఆటలు కొన్నింటిలో బొమ్మలే లేవు. అంతా మాటలే. యంత్రం ఆడేవారిని 'నీవు' అని సంబోధించి, ఎదుట గుహ ఉన్నదనో, దీపంలో చమురు అయిపోయినదనో చెప్పేది. ఇంగ్లీషులో ఆ 'నీవు'కు లింగం లేదు. తెలుగులోనూ అంతే. 'నీవు వచ్చినావు' అంటే వచ్చినది అన్నయ్యో చెల్లెలో తెలియదు. ఉత్తమ, మధ్యమ పురుషలలో మన భాష ఆ సంగతి బయటపెట్టదు. ప్రథమ పురుషకు రాగానే 'వచ్చినాడా', 'వచ్చినదా' అని తేల్చుకొనక తప్పదు. కాబట్టి ఒక మనిషి, ఒక యంత్రం మాట్లాడుకొన్నంత కాలం 'నీవు' అనే మాట తలుపులు తీసిన ఇల్లు వంటిది. ఎవరైనా లోపలికి రావచ్చును.

పలువురు ఒకే ఆటలో కలిసినప్పుడు చిక్కు వచ్చినది. ఒకరిని గురించి మరొకరికి చెప్పవలసి వస్తుంది కదా! ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా 1978లో ఆరంభించి, తరువాత రిచర్డ్ బార్టిల్ పెంపొందించిన 'మడ్' అనే ఆట ఇటువంటిది. దూరదూరాన ఉన్నవారు టెలిఫోను తీగల ద్వారా అందులో చేరి ఒకే ఊహాలోకంలో తిరిగేవారు. కొత్తగా వచ్చినవారిని ఆ ఆట ముందు పేరు అడిగేది, తరువాత స్త్రీయా పురుషుడా అని అడిగేది. అడిగిన తీరు గమనింపదగినది. నీవు ఎవరవు అని కాదు, ఎవరుగా ఉండగోరుతున్నావు అని. విద్యార్థులు వినోదానికి వ్రాసిన ఆ ప్రశ్నలోని మర్యాద, కోట్ల డాలర్ల వ్యాపారంగా మారిన తరువాతి ఆటలలో చాలకాలం కనబడలేదు. 1990లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో పావెల్ కర్టిస్ ప్రారంభించిన 'లామ్‌డామూ' ఇంకొక అడుగు ముందుకు వేసి పది వరకు లింగాలను అందించినది. అందులో ఒకటి రాజలింగం: దానిని ఎంచుకొన్నవారిని గురించి ఆట ఎప్పుడూ 'మేము' అనియే పలుకుతుంది. మైకు ముందు 'మేము' అని మాట్లాడుటకు అలవాటుపడిన మా వంటి ఉద్యోగులకు ఆ లింగం చక్కగా అమరి ఉండేది.

ఇక బలం తగ్గించిన వారి సంగతి. కంప్యూటరు ఆటలకు ఒక పెద్దమ్మ ఉన్నది. బల్ల చుట్టూ కూర్చుండి పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరించి కథ నడిపే ఆట అది. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆ ఆట 1974లో అమెరికాలో వెలువడినది. 1978లో గ్యారీ గైగాక్స్ వ్రాసిన విస్తృత నియమావళిలో స్త్రీ పాత్రల దేహబలానికి ఒక హద్దు పెట్టినారు. పురుష పాత్ర అందుకోగల గరిష్ఠ బలం స్త్రీ పాత్రకు లేదు. నిప్పులు కక్కే డ్రాగన్లు, మంత్రంతో ఎగిరే మనుషులు ఉన్న లోకంలో ఈ ఒక్క విషయంలో మాత్రం వాస్తవికత పాటించవలెనని ఎందుకు తోచినదో! 1988లో ఆ నియమాలతో వచ్చిన 'పూల్ ఆఫ్ రేడియన్స్' అనే కంప్యూటరు ఆటలోనూ అదే హద్దు దిగినది. 1989 నాటి రెండవ నియమావళిలో దానిని తొలగించినారు. తొలగించినందువల్ల ఆ లోకమేమీ తలక్రిందులు కాలేదు.

ఆటలలోకి బొమ్మలు వచ్చిన తరువాత కథ మరొక దారి పట్టినది. 1980లో జపానులో తోరు ఇవాతాని రూపొందించిన 'పాక్‌మ్యాన్' లోకప్రసిద్ధం: పసుపుపచ్చని వృత్తం, దానికొక నోరు, అంతే. ఆటశాలలకు స్త్రీలు కూడ రావలెనన్న ఉద్దేశంతోనే కాల్పులు లేని ఆటను తలపెట్టినానని ఆయన చెప్పినాడు. రెండేండ్లకు, 1982లో, అమెరికాలో దానికొక జోడీ వచ్చినది. చదువు మధ్యలో విడిచిన కొందరు యువకులు నడిపే చిన్న సంస్థ ఆ ఆటను సవరించి తెస్తే, మిడ్‌వే కంపెనీవారు దానిని స్త్రీగా మార్చి విడుదల చేసినారు. పేరు విషయంలో చర్చ జరిగినది. 'మిస్' అందామా అంటే, ఆటలో మూడవ విరామఘట్టంలో కొంగ ఒక పసిబిడ్డను మోసికొనివచ్చి దించుతుంది. పెండ్లికాని పిల్లకు బిడ్డ ఏమిటని సందేహం! 'మిసెస్' అందామా అంటే ఏదో ఎబ్బెట్టుగా తోచినది. చివరకు కుమారియో శ్రీమతియో తేల్చని 'మిజ్' అనే మాట నిలిచినది.

ఆమె స్త్రీ అని తెలియుటకు వారు చేసిన పని తలమీద ఒక రిబ్బను ముడి, పెదవులకు ఎరుపు, బుగ్గన ఒక పుట్టుమచ్చ. పాక్‌మ్యాన్ పురుషుడని తెలియుటకు ఏమి చేసినారు? ఏమీ చేయలేదు. అలంకారం లేని వృత్తం దానంతటదే పురుషుడైనది. బొమ్మకు నాలుగు చుక్కలు మాత్రమే చోటు దొరికే రోజులలో ఈ అలవాటు స్థిరపడినది: ఏ గుర్తూ లేనిది మగవాడు, గుర్తు తగిలిస్తే ఆడది. తరువాత యంత్రాల శక్తి వేల రెట్లు పెరిగినా, ఈ అలవాటు అంత సులభంగా వదలలేదు. అంతదూరం పోనేల, ఆటలో నేర్పరి అయినవారిని తెలుగులో 'ఆటగాడు' అంటాము. ఆ మాట వినగానే మనసులో ఎవరు మెదులుతారో మాకు తెలుసు, పాఠకులకూ తెలుసు.

ఆ అలవాటు మీదనే ఆధారపడి ఒక చమత్కారం చేసిన ఆట నింటెండో సంస్థ 1986లో విడుదల చేసిన 'మెట్రాయిడ్'. లోహకవచం ధరించిన శూరుడు గ్రహాంతరాలలో రాక్షసులను వేటాడుతాడు. ఆటతోపాటు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం కూడ అతనిని పుంలింగంలోనే చెప్పినది. త్వరగా ముగించినవారికి చివర శిరస్త్రాణం తొలగుతుంది. లోపల ఉన్నది సామస్ అనే యువతి. గంటల తరబడి 'నేను' అనుకొన్న మనిషి స్త్రీ అని అప్పుడు తెలిసి ఎందరో నివ్వెరపోయినారు. ఆ చమత్కారం మెచ్చదగినదే. కాని ఎంత త్వరగా గెలిస్తే ఆమె ఒంటిమీద అంత తక్కువ దుస్తులు చూపే ఏర్పాటు మాత్రం మాకు రుచింపలేదు. శూరురాలిని తీసికొనివచ్చి బహుమానపు వస్తువుగా నిలబెట్టినట్లయినది.

పిల్లల ఆటలలో ఈ ఎంపికకు రాజమార్గం వేసినది 'పోకెమాన్' అనవచ్చును. 1996లో జపానులో మొదలైన ఆ ఆటలో వింతజీవులను పట్టి పెంచే పాత్ర బాలుడే. 2000 డిసెంబరులో వచ్చిన 'క్రిస్టల్' అనే కూర్పు మొట్టమొదటిసారి 'నీవు బాలుడవా, బాలికవా' అని అడిగినది. దాని తరువాత వచ్చిన ప్రధానమైన కూర్పులన్నింటిలోనూ ఆ ఎంపిక నిలిచినది.

బొమ్మకు గొంతు వచ్చినప్పుడు ఏమైనదన్నది రేడియోవారిమైన మాకు ఆసక్తి గల భాగం. కెనడాలోని బయోవేర్ సంస్థ 2007లో 'మాస్ ఎఫెక్ట్' అనే అంతరిక్ష గాథను విడుదల చేసినది. అందులో నాయకుడు షెపర్డ్ అనే సేనాని. స్త్రీగానైనా పురుషుడుగానైనా ఆడవచ్చును. సంభాషణ అంతా వినబడేదే కాబట్టి, ఒకే సంభాషణను ఇద్దరు నటుల చేత విడివిడిగా చెప్పించి రికార్డు చేసినారు: పురుషునికి మార్క్ మియర్, స్త్రీకి జెనిఫర్ హేల్. నాటక విభాగంలో పనిచేసినవారికి ఇందలి శ్రమ అర్థమవుతుంది. ఒక నాటకంలో నాయకపాత్ర సంభాషణ యావత్తూ రెండుసార్లు రికార్డు చేయుట, వినేవారు ఒక్కదానినే వింటారని తెలిసియుండియు!

దీని ఫలితం కూడ విశేషమైనది. స్త్రీ కోసం వేరే మాటలు వ్రాయలేదు. సేనాని ఆజ్ఞలు, కోపం, జాలి దాదాపు అన్నీ అవే. కాని హేల్ గొంతులో అవి వేరుగా వినబడినవి. ఆమె షెపర్డే అసలు షెపర్డ్ అని వాదించే అభిమానులు లోకమంతటా ఏర్పడినారు. అయినా ప్రకటనలలో, పెట్టె మీది చిత్రంలో, 2012లో మూడవ భాగం వచ్చేదాకా పురుషుడే కనిపించినాడు. ఆ మూడవ భాగం కోసం స్త్రీ షెపర్డ్ రూపం ఎట్లుండవలెనో 2011లో ప్రజల ఓట్లతో నిర్ణయించి, పెట్టె అట్టను రెండవవైపు త్రిప్పితే ఆమె కనబడేటట్లు అచ్చు వేసినారు. అట్ట వెనుక వైపున చోటు దొరికినదన్నమాట.

2011లో ఆ సంస్థవారు చెప్పిన లెక్క ప్రకారం స్త్రీ షెపర్డ్‌ను ఎంచుకొన్నవారు నూటికి 18 మంది. 2021లో ఆ మూడు భాగాలను కలిపి తిరిగి విడుదల చేసినప్పుడు ఆ సంఖ్య 32. మొదటి లెక్కను చూసి, స్త్రీ పాత్రను కోరేవారు కొద్దిమందేనని వాదించినవారున్నారు. దుకాణంలో ఒక చీరను అద్దాల బీరువాలో, మరొక చీరను అటక మీద ఉంచి, అటక మీదిది ఎవరూ అడగలేదన్నట్లున్నది ఆ వాదం.

ఖర్చు సంగతి బహిరంగంగా చర్చకు వచ్చినది 2014లో. ఫ్రాన్సు దేశపు యూబిసాఫ్ట్ సంస్థ ఫ్రెంచి విప్లవకాలపు పారిస్ నగరం నేపథ్యంగా 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' అనే ఆటను ప్రకటించినది. నలుగురు మిత్రులు కలిసి ఆడవచ్చును, నలుగురూ పురుషులే. ఎందుకని అడిగితే, స్త్రీని చేర్చవలెనంటే ఆమె నడక, పరుగు, దూకుడు ఎనిమిది వేలకు పైగా కదలికలను తిరిగి తయారు చేయవలెనని సంస్థవారు సమాధానమిచ్చినారు. అంతకుముందు ఆ సంస్థలోనే పనిచేసిన జొనాథన్ కూపర్ అనే చిత్రచలన నిపుణుడు, అది ఒకటి రెండు రోజుల పని అని బహిరంగంగా వ్రాసినాడు. ఆ రంగంలో చేయితిరిగినవాని మాటను మేము ఎక్కువగా నమ్ముతాము. పైగా చరిత్ర కూడ సంస్థవారికి అనుకూలంగా లేదు. 1789 అక్టోబరులో రొట్టె కోసం పారిస్ నుండి వెర్సాయ్ దాకా నడిచి రాజును నగరానికి రప్పించినది స్త్రీలు. 1793 జూలైలో మారాను స్నానపు తొట్టిలో పొడిచి చంపిన షార్లొట్ కొర్డే ఇరవై నాలుగేండ్ల యువతి. రహస్య హంతకుల కథకు ఆ నగరంలో, ఆ కాలంలో స్త్రీ దొరకలేదనుట ఎట్లు?

నాలుగేండ్ల తరువాత, 2018లో, అదే సంస్థ ప్రాచీన గ్రీసు నేపథ్యంగా వెలువరించిన 'ఒడిస్సీ'లో ఆడేవారు కసాండ్రాగానో ఆమె తమ్ముడు అలెక్సియోస్‌గానో ఉండవచ్చును. నిర్మాతలు మొదట కసాండ్రా ఒక్కతెనే నాయికగా తలపెట్టినారని, అది పై అధికారులకు సమ్మతం కాలేదని 2020లో బ్లూంబర్గ్ వార్తాసంస్థ కథనం ప్రచురించినది. అంటే, ఇరువురిలో ఒకరిని ఎంచుకొనే స్వేచ్ఛ ఇక్కడ ఔదార్యం వల్ల వచ్చినది కాదు. స్త్రీ ఒక్కతే నిలబడరాదన్న భయం వల్ల వచ్చినది.

స్వేచ్ఛ దొరికినప్పుడు ఎవరు ఎవరిని ఎంచుకొంటారన్నది మరొక ప్రశ్న. 375 మందిని ఒకే ఊహాలోకంలో ఆడించి పరిశీలించిన పరిశోధన ఒకటి 2014లో వెలువడినది. పురుషులలో నూటికి 23 మంది స్త్రీ పాత్రను, స్త్రీలలో నూటికి 7 గురు పురుష పాత్రను ధరించినారు. స్త్రీ వేషంలోని పురుషులు మాటలలో కొంత మెత్తదనం చూపినారట. కాని కదలికలలో గుట్టు దాగలేదు: ఇతర పురుషులవలెనే తరచుగా గెంతినారు, గుంపుకు కాస్త ఎడంగా నిలిచినారు.

ఇది చదివినప్పుడు మాకు స్థానం నరసింహారావుగారు, వేదాంతం సత్యనారాయణశర్మగారు గుర్తుకు వచ్చినారు. సత్యభామగా వారు రంగం మీదికి వస్తే, ప్రేక్షకులలోని స్త్రీలే ఆ నడకను చూసి విస్తుపోయేవారని పెద్దలు చెప్పేవారు. నడకను, చూపును, జడను ముందుకు వేసికొనే తీరును వారు ఏండ్ల తరబడి అభ్యసించినారు. వీడియో ఆటలో నడకను యంత్రమే ఇస్తుంది, అభ్యాసం అక్కరలేదు. అందుకే కాబోలు, గెంతులో మనిషి బయటపడినాడు. ఇంకొక భేదం కూడ ఉన్నది. ఆ వేషాలు వర్ధిల్లిన కాలంలో చాలచోట్ల స్త్రీకి రంగస్థలం మీద చోటు లేదు. నటులు చూపినది ఎంత గొప్ప కళ అయినా, దాని వెనుక ఒక మూసిన తలుపు ఉన్నది. ఆటలో పురుషుడు స్త్రీ పాత్రను కోరితే ఎవరి చోటూ పోదు.

ఇటీవలి ఆటలు కొన్ని అసలు ప్రశ్ననే వదలినవి. 2020లో వచ్చిన 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' బాలుడవా బాలికవా అని అడగదు, రూపం ఎంచుకొమ్మంటుంది, జుట్టు, దుస్తులు ఎట్లయినా మార్చుకోవచ్చునంటుంది. ఇంగ్లీషులో ఇది సాగిపోతుంది. ఇటువంటి ఆటను తెలుగు చేసేవారు మాత్రం, 'నీవు' అన్నంతసేపు హాయిగా ఉండి, పొరుగు పాత్ర ఎవరో ఆడేవారిని గురించి మాట్లాడగానే ఆగిపోతారు: వచ్చినాడా, వచ్చినదా? 'వచ్చినారు' అనే గౌరవవాచకం ఒకటి మనకు ఉండనే ఉన్నది. అది ఇరువురికీ చెల్లుతుంది. ఎనిమిదేండ్ల పిల్లను ఎలుగుబంటి ఒకటి 'వారు విచ్చేసినారు' అని ఆహ్వానిస్తే ఇంటిల్లిపాది నవ్వవచ్చును గాని, ఆ పిల్ల కాదనదు.